ఇంకా బాగుందనలేదు

ఆ ఫోను నా మొహం మీద పెట్టకే, నాకా అక్షరాలు కనపడి ఎన్నాళ్ళైందని! నువ్వే చదువు. ఊఁ... ఊఁ... రెండూ పొట్టి గొట్టాల రివాల్వర్లే, రెంటికీ అయిదేసి తూటాలే, ఒకటి ఉక్కుది, ఒకటి తేలికది. రోజూ జేబులో పెట్టుకుని తిరగడానికి ఏది మేలని. దీనికి మళ్ళీ పట్టిక, ఎర్ర గీతలూ పచ్చ గీతలూనూ! ఎన్నాళ్ళ నుంచే ఇది? ఆరు వారాలా? ఆరు వారాల్నుంచీ ఆ కొట్టుకెళ్ళి, రెండూ పట్టుకు చూసి, ఉత్త చేతుల్తో ఇంటికొస్తున్నావా? ఒసే మార్నీ, ఇది మన వంశంలో లేదే. మీ తాత వర్జిల్, అదే, మా అన్నయ్య, అయిదు నిమిషాల్లో బేరం తేల్చి మనిషిని బయటికి నెట్టేసేవాడు. నీకు మా ఆయన గాలి సోకింది. మీ ఓర్విన్ తాత గాలి. ఆయన పోయేనాటికి నువ్వు ఇంత పిల్లవి, నీకేం గుర్తుంటాడులే. ఇంటింటికీ తిరిగి రోగుల్ని చూసుకునేదానివి, ఆ లోయల్లో ఒక్కదానివే కారేసుకుని వెళ్తావు, నీకు అవసరమే, నేను కాదనను. కానీ నువ్వు ఆరు వారాలంటున్నావు, మీ ఓర్విన్ తాతకి ఇదే పనికి రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళే! నవ్వకు. ఆ చిక్కుళ్ళు ఇలా పట్రా, ఈనెలు తీస్తూ చెబుతాను.

అప్పుడు కొట్టు మాదే. నువ్వెళ్తున్న కొట్టు కాదు, అది మొన్నమొన్నటిది. రైలు డిపో ఎదురుగా ఇప్పుడు జుట్టు కత్తిరించే అమ్మాయి ఉందే, ఆ గది. మేకులు, గొలుసులు, కోళ్ళ దాణా, పెయింటు డబ్బాలు, ఆ చివర అద్దాల బీరువాలో తుపాకులు. మా నాన్న పోయాక వర్జిల్ యజమాని, నేను జీతం లేని పనిమనిషిని. ఈ మాటంటే వాడికి ఎంత కోపమొచ్చేదో! తుపాకుల బల్ల మాత్రం నాకే వదిలేశాడు. ఎందుకంటే వేటకెళ్ళేవాడు ఒక్కొక్కడూ గంటసేపు కోతలు కోస్తాడు, ఆ కోతలు వినే ఓపిక వాడికెక్కడిది? కొట్టు మధ్యలో బొగ్గుల పొయ్యి, పొయ్యి పక్కన హోబర్ట్. హోబర్ట్ అంటే, బొగ్గు గనిలో నడుం దెబ్బతిని ఇంట్లో కూర్చున్నవాడు, అంటే మా కొట్లో కూర్చున్నవాడు. పొద్దున్నే వచ్చి మేకుల పీపా మీద చతికిలబడి, కోలా సీసాలో వేయించిన వేరుసెనగపప్పు పోసుకుని చప్పరిస్తూ సాయంత్రం దాకా కదిలేవాడు కాదు. కొట్లో ఎంత పాత సరుకైనా ఎప్పటికో ఒకప్పటికి అమ్ముడుపోయేది గానీ హోబర్ట్ మాత్రం అలాగే ఉండిపోయేవాడు.

మీ ఓర్విన్ తాత అప్పుడు కరెంటు కంపెనీలో మీటర్లు చూసేవాడు. పొడుగ్గా, సన్నగా, మెడ కాస్త ముందుకి వంగి ఉండేది, మీటర్లలోకి తొంగిచూసి తొంగిచూసి అలా అయిపోయింది. మా వైపు వీధుల వంతు బుధవారాలు. ఒక బుధవారం పదకొండింటికి లోపలికొచ్చి, టోపీ తీసి, తుపాకుల బల్ల ముందు నించుని పావుగంట అద్దాల్లోకి తొంగిచూశాడు. నేను మీటరు చూడ్డానికొచ్చాడేమో, ఇది మీటరు కాదు బాబూ అందామనుకున్నా. చివరికి నోరు తెరిచి, "జెల్ఫాగారూ, జేబులో పట్టే చిన్న రివాల్వర్ కావాలండీ, రోజూ ఉంచుకోడానికి" అన్నాడు. మీటర్లవాడికి కావాలిగా మరి! ఒక పెరట్లో కుక్క, ఇంకో పెరట్లో పాము, మూడో పెరట్లో కరెంటు దొంగతనం చేసేవాడు. సరేనని రెండు తీశాను. మా నాన్న నేర్పిన పద్ధతి, ఎవరి చేతికిచ్చినా ముందు తూటాల చక్రం తెరిచి అయిదు గళ్ళూ ఖాళీ అని చూపించి ఇవ్వాలి. ఒకటి నల్ల ఉక్కుది, వెనకాల పైకి చిన్న కొక్కెం ఉంటుంది, బొటనవేలితో వెనక్కి లాగేది. రెండోది అల్యూమినియంది, కొక్కెం బయటికి పొడుచుకు రాకుండా మూత. చూశావూ, ఇవాళ నీ ఫోనులో ఉన్నవీ అవే! అరవై ఏళ్ళైనా జనం ఆ రెంటి దగ్గరే కొట్టుకు చస్తున్నారు.

సరే, రెండూ ఇచ్చానా. ఆయన పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, నాకే ఇచ్చేసి, "ఒకసారి మీ ఏప్రన్ జేబులో వేసుకుని, ఆ మేకుల పీపాల దాకా వెళ్ళి రండి" అన్నాడు. నేనెందుకండీ అంటే, "నా జేబుల్లో తాళాలు, టార్చిలైటు ఉన్నాయి, ఖాళీ లేదు" అన్నాడు. పోన్లే పాపం అని ఉక్కుది వేసుకుని వెళ్ళొచ్చాను. ఏప్రన్ ఒక పక్కకి ఈడ్చుకుపోయింది. తేలికది వేసుకుని వెళ్ళొచ్చాను. హోబర్ట్ సీసా నోట్లోంచి తీయకుండా చూస్తున్నాడు. "ఎలా ఉందండీ?" అన్నాడు ఓర్విన్. నిజం చెబుతున్నా, రెండూ శుభ్రంగా ఉన్నాయి. ఏది తీసుకున్నా జన్మంతా పనిచేస్తుంది. ఆ మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. వచ్చి ఆగిపోయింది.

ఎందుకాగిందంటావా? నాకప్పటికి ఇరవై తొమ్మిది. ఆ ఊళ్ళో ఇరవై తొమ్మిదంటే ఇంక కుర్చీలో ఊగుతూ స్వెట్టర్లు అల్లుకోవలసిందే. మొగాళ్ళెవరైనా కొట్టుకొస్తే నా వంక చూసేవాళ్ళు కాదు, నా వెనక గోడకున్న తుపాకుల వంక చూసేవాళ్ళు. ఈయన ఆ పూట నా మొహం వంక చూసి అడిగాడు, ఎలా ఉందండీ అని. బాగుందంటే ఏమవుతుంది? కొనుక్కుంటాడు, వెళ్ళిపోతాడు, మళ్ళీ రివాల్వర్ కొనాలంటే ఎన్నాళ్ళు? అది పాడవదు, చావదు. అందుకని ఠక్కున, "అబ్బే, ఉక్కుది మరీ బరువండీ, జేబు ఊడొస్తుంది. తేలికదేమో పేలిస్తే చెయ్యి జివ్వుమంటుంది" అన్నాను. ఆయన "ఓహో" అని మీటర్ల పుస్తకం తీసి ఏదో రాసుకుని, టోపీ పెట్టుకుని, "వచ్చే బుధవారం వస్తానండీ" అని వెళ్ళిపోయాడు. ఆ వారమంతా నేను మేకులు తూకం తప్పు వేశాను.

ఇంక మొదలైంది. ప్రతి బుధవారం పదకొండింటికి ఆయన రావడం, నేను జేబులో వేసుకుని నడవడం, ఏదో ఒక వంక పెట్టడం. ఒక వారం, "ఈ కొక్కెం దారాల్లో చిక్కుకుంటుందండీ, తీసేసరికి పాము కరిచి ఇంటికి కూడా వెళ్ళిపోతుంది" అన్నాను. వచ్చే వారానికి ఆయన వాళ్ళమ్మ చేత లేత తోలుతో ఒక తొడుగు కుట్టించుకొచ్చాడు. పెట్టిచూస్తే సరిగ్గా నా ఏప్రన్ జేబుకి కొలిచినట్టు పట్టింది. నాకప్పుడైనా వెలగాలా? వెలగలేదు! "తోలుకి చెమటపడితే తుప్పండీ" అన్నాను. ఇంకో వారం, మూత ఉన్నదాంట్లో పిండీ నూగూ దూరుతాయన్నాను. మరోసారి పిడి లావన్నాను, వడ్రంగి చేత సన్నటి చెక్క పిడి చేయించుకొచ్చాడు, ఈసారి సన్నమన్నాను. నేను ఆయన ప్యాంటు సంగతి మాట్లాడుతుంటే ఆయన "ఏప్రన్‌కి ఇంకో నాడా కుట్టుకుంటే బరువు తెలీదేమో" అనేవాడు. మీటర్లవాడికి ఏప్రనెందుకూ? వాళ్ళింట్లో వంట ఈయనే చేస్తాడేమో పాపం అనుకున్నాను. మందబుద్ధి అంటావా? అను, నేనేం అనుకోను.

ఒకనాడు కొట్టు వెనక డబ్బా పెట్టి కాల్చి చూద్దామన్నాడు. అదీ నన్నే కాల్చమన్నాడు. నేను తొమ్మిదేళ్ళప్పట్నుంచీ మా నాన్న జంట గొట్టాల తుపాకీతో పొలంలో పడ్డ పందికొక్కుల్ని కొట్టినదాన్ని. ఆ చిన్నది నాకొక లెక్కా? డబ్బాకి నడిమధ్య చిల్లు పెట్టి, వెంటనే "అమ్మో, నా మణికట్టు!" అని చెయ్యి పట్టుకుని కూలబడ్డాను. ఆహా, ఏం నటించాననుకున్నావ్! ఆయన మొహం పాలిపోయింది. వచ్చే బుధవారం గుర్రాలకి రాసే మందు సీసాతో వచ్చాడు. అది రాసుకుంటే వారం రోజులు చేతికి గుర్రం కంపు. అయినా రాసుకున్నాను. ఎందుకు రాసుకున్నానో నువ్వు అడగొద్దు, నేను చెప్పను.

మీ తాత వర్జిల్ మొదట్లో పట్టించుకోలేదు. ఏడాది దాటాక పళ్ళు నూరడం మొదలెట్టాడు. "ఒసే జెల్ఫా, కెంటకీ మొత్తమ్మీద మీటరు ముల్లు కంటితో చూసి క్షణంలో అంకె చెప్పేది వీడే అంటారు, వీడికి రెండు రివాల్వర్లలో ఒకటి తేల్చుకోడానికి ఇంతసేపా? వీడు కొనేవాడు కాదు, చలికాచుకునేవాడు. ఇప్పటికే ఒక హోబర్ట్ ఉన్నాడు, రెండో హోబర్ట్‌ని నేను పోషించలేను" అనేవాడు. హోబర్ట్ దానికి, "నిజమే వర్జిలూ, ఇద్దరికి చోటు చాలదు" అనేవాడు. రెండో ఏడు ఆగస్టులో, ఉడతల వేట మొదలయ్యే ముందు, వర్జిల్ ఓర్విన్ మొహం మీదే చెప్పేశాడు. "వచ్చే బుధవారం ఏదో ఒకటి పట్టుకెళ్ళు. లేకపోతే ఆ గుమ్మం తొక్కకు. మీటరు వీధిలోంచే చూసుకో" అని. ఆయన నా వంక చూశాడు. నేను పెయింటు డబ్బాల వంక చూశాను. ఆ వారం నాకు తిండి సయించలేదంటే నమ్ము. ఏది కొన్నా బుధవారాలు అయిపోయినట్టే. కొనకపోయినా అయిపోయినట్టే. నా బతుక్కి ఉన్నదే ఆ ఒక్క గంట, అది పోతే ఇంక మేకులూ, వర్జిలూ, హోబర్టూ.

మా అన్నయ్య అంతటితో ఊరుకున్నాడా? మంగళవారం నేను దాణా బస్తాలు లెక్కపెడుతుంటే, గనుల్లో లెక్కలు చూసే ఆయనెవరో వస్తే ఉక్కుది అమ్మేశాడు! "ఇప్పుడు ఒకటే ఉందిగా, ఇంక ఎంచుకునే బాధ లేదు వాడికి" అని చేతులు దులుపుకున్నాడు. బుధవారం పదకొండింటికి ఓర్విన్ వచ్చాడు. తలకి నూనె రాసి, అణిచి దువ్వి, చర్చికి వేసుకునే కోటు వేసుకొచ్చాడు, మీటర్లు చూడ్డానికి! బల్ల మీద తేలికది ఒక్కటే ఉంది. "ఉక్కుదేదండీ?" అన్నాడు. అమ్మేశారన్నాను. "ఈ తేలికది పేలిస్తే మీ చెయ్యి నొప్పెడుతుందన్నారు కదా" అన్నాడు, నెమ్మదిగా, తనలో తను చెప్పుకుంటున్నట్టు. ఏదో ఒకటి అనాలి కదా, అలవాటు చొప్పున, "అవునండీ, పైగా జేబులో గలగలాడుతుంది" అన్నాను. అనాల్సిన మాటేనా అది! ఆయన టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. వచ్చే బుధవారం వస్తానని అనలేదు. పుస్తకం బల్ల మీదే మర్చిపోయాడు.

మీటర్ల పుస్తకం లేకుండా మీటర్లవాడు వెళ్ళిపోవడమంటే, మేక లేకుండా మేకలకాపరి వెళ్ళిపోయినట్టు. ఇచ్చొద్దామని తీశాను. తీసి, ఊరికే ఉండచ్చుగా, తెరిచాను. ముందంతా ఇళ్ళవాళ్ళ పేర్లూ అంకెలూ. వెనక్కి తిప్పితే నా పేరు. పైన, "జెల్ఫా. ఏప్రన్ జేబు లోతు ఒక జానెడు. కుడిచెయ్యి వేళ్ళు పొట్టి. కొట్టు మూసి రైలు పట్టాల వెంట మైలు దూరం ఒంటరిగా నడుస్తుంది, తోడు లేదు." కింద ప్రతి బుధవారం తేదీ. "బరువంది. ఇంకా బాగుందనలేదు." "చెయ్యి జివ్వుమంటుందంది. ఇంకా బాగుందనలేదు." "కొక్కెం చిక్కుకుంటుందంది. ఇంకా బాగుందనలేదు." పేజీలకి పేజీలు, రెండేళ్ళు, ప్రతి గీత చివరా అదే మాట. ఆఖరి వారం దగ్గర మాత్రం, "ఈసారి ఉక్కుది ఇస్తాను, తోలు తొడుగుతో. దేవుడా, బాగుందనాలి" అని ఉంది. హోబర్ట్‌కి చూపించి ఏవిటిదని అడిగాను. వాడిదీ స్కేగ్స్ వాళ్ళ, అదే, ఓర్విన్ వాళ్ళ లోయేగా! పప్పు నములుతూ చల్లగా చెప్పాడు. "ఆ స్కేగ్స్ వాళ్ళంతే. వాళ్ళు పిల్లకి ఉంగరం పెట్టరు. రోజూ వాడుకునే వస్తువొకటి చేతిలో పెడతారు. పిల్ల తన నోటితో బాగుందంటేనే పెళ్ళి మాటెత్తాలి. వంక పెడితే నోరెత్తకూడదు, అది మర్యాద. వాళ్ళ తాత పెట్టింది వెన్న చిలికే కుండ. వాళ్ళ నాన్న పెట్టింది తుపాకీ, వాళ్ళమ్మ ఇప్పటికీ వంటింటి గుమ్మం మీద పెట్టుకుంటుంది." ఓరి నీ మొహం మండ, రెండేళ్ళుగా తెలిసీ చెప్పలేదేంరా అని అరిచాను. "నన్నెవరడిగారు? పైగా, మీ ఇద్దరూ తేల్చేసుకుంటే నాకు బుధవారాలు పొద్దెలా పోతుంది?" అన్నాడు! వాడి సీసా లాక్కుని పొయ్యిలో పోశాను, పప్పుతో సహా.

ఆ తేలికది ఏప్రన్ జేబులో పడేసుకుని, పుస్తకం చేత్తో పట్టుకుని వీధిలో పడ్డాను. వెనక నుంచి వర్జిల్, "ఒసేవ్, ఎక్కడికే, కొట్టెవరు చూస్తారే!" అని ఒకటే కేకలు. పరిగెత్తి ఎన్నేళ్ళైందో నాకు! ఏప్రన్‌తో ఊరంతా చూస్తుండగా, బేకరీ దాటి, పోస్టాఫీసు దాటి, ఆ రివాల్వర్ మోకాలికి టప్ టప్ అని కొట్టుకుంటోంది. ఇప్పుడు చెబుతున్నా, గలగలా లేదు ఏమీ లేదు, దానంత బుద్ధిగా జేబులో ఉండేది ఇంకోటి లేదు. పాస్టరుగారి పెరట్లో దొరికాడు. చేతిలో పుస్తకం లేదు, పెన్సిల్ ఉంది, మీటరు వంక చూస్తూ అలాగే నించున్నాడు, పాస్టరుగారి కుక్క ఆయన ప్యాంటు అంచు నములుతున్నా తెలీనట్టు. నేను రొప్పుతూ వెళ్ళి రివాల్వర్ తీశాను. అక్కడ బట్టలారేస్తున్న పాస్టరుగారి భార్య దుప్పటి కింద పడేసి, "అయ్యో జెల్ఫా, బిల్లు ఎక్కువొస్తే మాత్రం మనిషిని కాల్చేస్తావా!" అని కెవ్వుమంది. నేను చక్రం తెరిచి, అయిదు గళ్ళూ ఖాళీ అని ఆయనకి చూపించి, మళ్ళీ మూసి, జేబులో వేసుకున్నాను. ఆ పెరట్లో నూతి దాకా నడిచి వెనక్కొచ్చాను.

"బాగుంది" అన్నాను. "చెయ్యి నొప్పి అన్నారుగా" అన్నాడు. "అబద్ధం." "పిడి లావన్నారు." "అబద్ధం." "సన్నమని కూడా అన్నారు." "అదీ అబద్ధమే. కొక్కెం, పిండి, తుప్పు, గలగల, అన్నీ అబద్ధాలే. ఇదీ బాగుంది, ఆ అమ్మేసిందీ బాగుంది, మొదటి రోజునించీ రెండూ బాగున్నాయి. మీరు మళ్ళీ రావాలని వంకలు పెట్టాను" అన్నాను, పాస్టరుగారి భార్య ముందు, కుక్క ముందు, సిగ్గూ ఎగ్గూ లేకుండా. ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. ఆ వెనక పేజీ తెరిచి, తేదీ వేసి, "బాగుందంది" అని రాసుకుని, కింద గీత గీసి, అప్పుడు టోపీ తీశాడు. రాసుకున్నాకే పెళ్ళి మాటెత్తాడమ్మా! మీటర్ల మనిషి, ఏం చేస్తాం. పాస్టరుగారి భార్య దుప్పటి తీసుకుని కళ్ళు తుడుచుకుంటోంది, తడి దుప్పటితో.

ఆ రివాల్వర్ ఎక్కడుందంటావా? ఎక్కడుంటుంది, ఇదిగో, ఈ స్వెట్టర్ జేబులో. ఆయన కుట్టించిన తొడుగే. ఆఁ ఆఁ, ఇవ్వను, నువ్వు కొనుక్కో. ఆ రెండో జేబులో పిప్పరమెంట్లున్నాయి, కావాలంటే అవి తీసుకో. రివాల్వర్ ఉన్న జేబులో ఇంకేదీ పెట్టకూడదు, గుర్తుంచుకో, ఆ ఫోనులో ఆ సంగతి రాశారా?

నలభై ఒక్క సంవత్సరాలు చేశాం కాపురం. జనం అంటారు, అబ్బ, నలభై ఒక్క ఏళ్ళే, అదృష్టవంతురాలివి అని. నేను పైకి అవునంటాను. లోపల మాత్రం నలభై మూడు కావలసిందని లెక్కేసుకుంటాను. ఆ రెండేళ్ళూ నేనే తినేశాను, నా నోటితో, వంకలు పెట్టి. ఆయన పోయే ముందు వారం ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుని, "జెల్ఫా, ఆ ఉక్కుది నిజంగా బరువు కాదా?" అన్నాడు. కాదండీ అన్నాను. "నేనూ అదే అనుకున్నాను" అన్నాడు. ఆ రెండేళ్ళు ఎవరైనా తెచ్చిస్తే, నేను ఈ ఇల్లిచ్చేస్తానే మార్నీ.

...

ఆ గిన్నె ఇలా జరుపు. ఇవి ముదిరిపోయాయి, పారెయ్. ఏవిటన్నావ్, అక్కడ కొట్లో తుపాకుల బల్ల దగ్గర ఎవరుంటున్నారూ? ఎర్రగడ్డం అతనా? కిందటి వారం నా మందులు పట్టుకుని ఇంత దూరం వచ్చాడే, అతనేనా? ఏవే, చెవులెందుకలా ఎర్రబడ్డాయి? లే. ఆ చిక్కుళ్ళు నేను చూసుకుంటాను, కోటేసుకో. కొట్టు అయిదింటి దాకా తీసుంటారు. అతను ఏది చేతికిస్తే అది, వింటున్నావా, ఏది ఇచ్చినా సరే, బాగుందను.